అడగని ప్రశ్నకు అప్పీలు ఉన్నదా?

సుప్రీంకోర్టు వరండాలలో తిరిగే ఢిల్లీ విలేఖరులకు క్రిమినల్ అప్పీలు అంటే ఒక కాగితాల కట్ట. ఆ కట్టలో ఒక మనిషి పేరు, ఒక పోలీసు ఠాణా పేరు, ఒక శిక్ష ఉంటాయి. ఆ మనిషి తాలూకు వాళ్ళు ఏ ఊళ్ళో కూర్చుని తీర్పుకోసం ఎదురుచూస్తున్నారో ఆ కట్ట చెప్పదు. అది తెలుసుకొనే అవకాశం ఇటీవల నాకు భిలాయిలో లభించింది. అందుచేత ఈ వారం లేఖ రాజధాని రాజకీయాలను గురించి కాక, ఒక వృద్ధుడు నన్ను అడిగిన ప్రశ్నను గురించి వ్రాస్తున్నాను.

భిలాయి మన పాఠకులకు కొత్త ఊరు కాదు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకొన్న ఉక్కు పట్టణమది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ అక్కడి తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి పని వెదుక్కుంటూ రైలెక్కి వచ్చి, ఇక్కడే స్థిరపడి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా ఇక్కడే చేసిన తెలుగు కుటుంబాలు అనేకం. రాష్ట్రం మధ్యప్రదేశ్ అయినప్పుడూ, 2000లో ఛత్తీస్‌గఢ్ అయిన తరువాతా ఈ సెక్టార్లలో తెలుగు మాట వినబడుతూనే ఉన్నది.

నన్ను తన ఇంటికి పిలిచిన వృద్ధుడు ఉక్కు కర్మాగారంలోని రైలుపట్టాల మిల్లులో పనిచేసి రిటైరయినవాడు. ఆయన మేనల్లునికి ఒక హత్య కేసులో దుర్గ్ సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష విధించింది. బిలాస్‌పూర్ హైకోర్టులో అప్పీలు నడుస్తున్నది.

“మా పిలగాడి వకీలు కోర్టులో నోరు మెదపలేదు బాబూ. ఆ మాట పై కోర్టులో చెపితే వింటారా?” అని అడిగాడాయన.

నేను జవాబు వెదుక్కునేలోపల ఆయనే మళ్ళీ అన్నాడు: “మా మిల్లులో పట్టాను పరీక్ష చేయకుండా బయటికి పంపరు. పైకి నునుపుగా ఉన్నా, లోపల పగులుందని మిషను చెపితే తీసి పక్కన పడేస్తారు. వకీలుకు అలాటి పరీక్ష ఏదీ లేదా?”

కేసు కాగితాలన్నీ ఒక రేకుపెట్టెలో ఉన్నాయి. అన్నీ హిందీలో ఉన్నాయి. ఆయనకు హిందీ మాట్లాడడం వచ్చునేగాని చదవడం రాదు. ఒక్కొక్క కాగితం చదివి చెప్పాను. ప్రధాన సాక్షి వాంగ్మూలం రెండు పుటలున్నది. రాత్రి పదకొండు గంటల వేళ సందు అవతలనుంచి తాను నేరం చూశానని సాక్షి చెప్పాడు. ఆ తరువాత ముద్దాయి తరపు న్యాయవాది ఎదురు ప్రశ్నలు వేయవలసిన చోట ఒక్క పంక్తి మాత్రమే ఉన్నది: ప్రశ్నలు లేవు.

సందు ఎంత వెడల్పు? సాక్షి ఎక్కడ నిలబడి ఉన్నాడు? అక్కడ దీపం ఉన్నదా? ఎవరూ అడగలేదు. అదే పెట్టెలో పట్వారీ గీసిన స్థలపు నక్షా ఉన్నది. అందులో ఇళ్ళు, కాలువ, చెట్టు గుర్తించబడి ఉన్నాయి. దీపస్తంభం గుర్తు లేదు.

ఆ కుర్రవాడు దోషియా, నిర్దోషియా అన్నది తేల్చవలసింది హైకోర్టు. ఆ పని ఈ లేఖ చేయబోదు. వృద్ధుని ప్రశ్నకు జవాబు వెదకడం వరకే నా ప్రయత్నం.

తెలంగాణ ముద్దాయిల కథ

మన తెలుగువారికి ఈ ప్రశ్న నిజానికి చాలా పాతది. తెలంగాణ రైతాంగ పోరాటం సందర్భంగా హైదరాబాదు సంస్థానంలోని ప్రత్యేక ట్రిబ్యునళ్ళు 1949లో పన్నెండుమందికి మరణశిక్ష విధించాయి. హైదరాబాదు హైకోర్టు ఆ శిక్షలను ఆ యేడాది చివరలోనే ధ్రువపరచింది. మరి కొద్ది వారాలకు, 1950 జనవరి 26న, భారత రాజ్యాంగం అమలులోకి వచ్చింది. ముద్దాయిలు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. హైకోర్టు తీర్పు రాజ్యాంగం రాకపూర్వపుది గనుక అప్పీలు స్వీకరించే అధికారం తమకు లేదని కోర్టు అన్నది. దానిపై వారు రిట్ పిటిషన్లు వేశారు. విచారణ సమయంలో న్యాయవాదిని నియమించుకొనే అవకాశం తమకు కల్పించలేదనీ, అందుచేత ఆ విచారణే చెల్లదనీ వారి వాదం. వారి పక్షాన వాదించడానికి ఇంగ్లండునుంచి సుప్రసిద్ధ న్యాయవాది డి.ఎన్.ప్రిట్ వచ్చారు.

1951లో వెలువడిన జనార్దనరెడ్డి కేసు తీర్పు వారికి అనుకూలించలేదు. న్యాయవాది లేకపోవడం వల్ల ముద్దాయికి అన్యాయం జరిగిందా అన్నది అప్పీలు విన్న కోర్టు చూడవలసిన విషయమనీ, అంతమాత్రాన విచారణ మొత్తం శూన్యమైపోదనీ కోర్టు అభిప్రాయపడింది. మరణశిక్షలు దరిమిలా యావజ్జీవ శిక్షలుగా మారడంతో వారి ప్రాణాలు దక్కాయి. కాని ఆ కేసులో ఒక పాఠం మిగిలింది. ట్రిబ్యునల్ ఎదుట సాక్షి నిలబడి ఉన్ననాడు కరువైన న్యాయవాదిని, ఢిల్లీలో ప్రపంచ ప్రఖ్యాతుడైన న్యాయవాది కూడా భర్తీ చేయలేకపోయాడు.

చట్టం నడచిన దూరం

ఆ తరువాత చట్టం చాలా దూరం నడిచింది. 1973నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెషన్స్ కోర్టులో న్యాయవాదిని పెట్టుకోలేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుపై న్యాయవాదిని నియమించాలన్నది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అదే నియమం 341వ సెక్షనుగా కొనసాగుతున్నది. 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయసహాయాన్ని రాజ్యం బాధ్యతగా ప్రకటించింది. 1978లో హోస్కోట్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ మరొక మెట్టు ఎక్కారు. శిక్షపడిన ఖైదీకి తీర్పు ప్రతి ఉచితంగా, సకాలంలో అందాలనీ, అప్పీలు చేసుకొనడానికి న్యాయసహాయం లభించాలనీ తీర్పు చెప్పారు. 1986లో సుక్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు, ఉచిత న్యాయసహాయం ఉన్నదన్న సంగతి ముద్దాయికి చెప్పకుండా జరిపిన విచారణలో పడిన శిక్షను కొట్టివేసింది. తనకు హక్కు ఉన్నదని తెలియని పేదవాడు దానిని అడగలేదు గనుక పోగొట్టుకున్నాడనడం న్యాయం కాదన్నది ఆ తీర్పులోని సారాంశం.

ఢిల్లీలోనే జరిగిన ఒక కేసు మరింత స్పష్టమైనది. 1997 డిసెంబరులో పంజాబీబాగ్ వద్ద బస్సులో బాంబు ప్రేలి నలుగురు మరణించారు. పాకిస్థాన్ పౌరుడైన ముద్దాయికి మరణశిక్ష పడింది. హైకోర్టు ధ్రువపరచింది. తీరా సుప్రీంకోర్టు రికార్డు తిరగవేసి చూస్తే 65 మంది సాక్షులలో 56 మందిని అతని తరపున న్యాయవాది ఎవరూ లేకుండానే విచారించినట్లు తేలింది. 2012లో ఆ శిక్ష రద్దయింది. మళ్ళీ విచారణ జరిగి 2013లో అతడు నిర్దోషిగా విడుదలైనాడు.

దీనినిబట్టి ఒక సంగతి నిస్సందేహంగా చెప్పవచ్చు. న్యాయవాది కుర్చీ ఖాళీగా ఉంటే చట్టం ఇప్పుడు గట్టిగా మాట్లాడుతుంది. మరి కుర్చీలో మనిషి ఉండి, నోరు లేకపోతే? మన వృద్ధుని చిక్కు అక్కడ ఉన్నది.

కుర్చీలో మనిషి ఉంటే

అమెరికాలో ఈ చిక్కుకు ఒక కొలమానం ఏర్పరచారు. 1963లో గిడియన్ అనే ఖైదీ జైలునుంచి పెన్సిలుతో వ్రాసిన అర్జీపై, పేద ముద్దాయికి న్యాయవాదిని ఇవ్వడం రాష్ట్రాల విధి అని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. 1984లో స్ట్రిక్‌లాండ్ కేసులో ఆ న్యాయవాది పనితనాన్ని కొలిచే పద్ధతి చెప్పింది. ముద్దాయి రెండు విషయాలు రుజువుచేయాలి. ఒకటి, న్యాయవాది పని వృత్తి ప్రమాణాలకు తగినట్లు లేదు. రెండు, అతడు సరిగా పనిచేసి ఉంటే ఫలితం వేరుగా ఉండేదనుకోవడానికి సహేతుకమైన అవకాశం ఉన్నది. ఈ రెండవది రుజువు చేయలేక ఓడిపోయే అర్జీలే అక్కడ ఎక్కువ. వృద్ధుడు అడిగిన పరీక్ష అమెరికాలో ఉన్నది. కాని ఆ మిషను చాలా పగుళ్ళను చూచీ చూడనట్లు వదిలివేస్తుంది.

మన శాసనాలలో అటువంటి పరీక్ష లేదు. అంతేకాదు, 2015లో సుప్రీంకోర్టు ఈ వాదానికి ఒక గట్టి అడ్డుకట్ట వేసింది. ఢిల్లీలో ఒక టాక్సీ డ్రైవరుపై వచ్చిన అత్యాచారం కేసులో, పాత న్యాయవాది అసమర్థుడు గనుక సాక్షులను మళ్ళీ పిలిపించాలని కొత్త న్యాయవాది కోరాడు. హైకోర్టు 13 మంది సాక్షులను తిరిగి పిలవడానికి అనుమతించింది. సుప్రీంకోర్టు ఆ అనుమతిని రద్దుచేసింది. న్యాయవాది మారినప్పుడల్లా విచారణ మొదటికి వస్తే దానికి అంతు ఉండదనీ, బాధితురాలిని బోనులోకి మళ్ళీ మళ్ళీ ఎక్కించడం అన్యాయమనీ కోర్టు భావించింది. ఈ తర్కాన్ని తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. ఓడిన ప్రతివాడూ తప్పు వకీలుదే అంటాడు. అందులో అబద్ధమెంతో, నిజమెంతో కోర్టు ఎలా తెలుసుకోగలదు?

అయితే నాణానికి రెండవ వైపు కూడా ఈ ప్రాంతంలోనే ఉన్నది. భిలాయి ఒకప్పుడు భాగంగా ఉన్న మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాలో 2013 జనవరిలో తొమ్మిదేళ్ళ బాలిక హత్యకు గురైంది. ఫిబ్రవరి 19న కోర్టు అనోఖీలాల్ అనే యువకుని కేసు చేపట్టింది. న్యాయసహాయ పథకం క్రింద నియమితుడైన న్యాయవాది రాలేదు. అప్పటికప్పుడు మరొకరిని నియమించారు. అదే రోజున అభియోగాలు ఖరారయ్యాయి. 13 రోజులలో విచారణ ముగిసి, మార్చి 4న మరణశిక్ష పడింది. కుర్చీలో న్యాయవాది ఉన్నాడు. కాని కేసు చదువుకొనే వ్యవధి ఆయనకు లేదు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ శిక్షను రద్దుచేసి, మళ్ళీ మొదటినుంచి విచారణకు ఆదేశించింది. మరణశిక్షకు గాని యావజ్జీవ శిక్షకు గాని అవకాశమున్న కేసులలో కనీసం పదేళ్ళ అనుభవం ఉన్నవారినే నియమించాలనీ, సాధారణంగా వారం రోజులైనా వ్యవధి ఇవ్వాలనీ నిర్దేశించింది. 2024లో ఖండ్వా కోర్టు అతనిని నిర్దోషిగా వదిలివేసింది. పదకొండేళ్ళు అతడు జైలులో గడిపాడు. ఆ బాలికను చంపినవారికి శిక్ష పడలేదన్న సంగతి కూడా మనం మరువరాదు. ముద్దాయి వకీలు పని చేయనినాడు నష్టపోయేది ముద్దాయి ఒక్కడే కాదు.

2024 డిసెంబరులో అశోక్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ ఇదే విషయానికి వచ్చింది. న్యాయసహాయం పేరుకు కాక ఫలవంతంగా ఉండాలనీ, ముద్దాయికి న్యాయవాది ఉన్నాడో లేదో చూడడం ప్రభుత్వ ప్రాసిక్యూటరుకు కూడా విధి అనీ స్పష్టం చేసింది.

రికార్డు చెప్పేది, చెప్పనిది

ఈ తీర్పులన్నింటిని దగ్గర పెట్టుకొని చూస్తే తేలేది ఒకటి. ఖండ్వా కేసులోనూ, ఢిల్లీ బస్సు కేసులోనూ లోపం రికార్డులోనే కనబడింది. తేదీలు ఉన్నాయి. న్యాయవాది హాజరు లేదన్న నమోదు ఉన్నది. పై కోర్టు చదివేది కాగితం. ఫీజు తీసుకొని ఫైలు విప్పని వకీలు, ముద్దాయి చెప్పబోయిన మాట వినని వకీలు ఆ కాగితంలో కనబడడు. ఆ రికార్డు తయారయ్యేది కూడా కొంతవరకు ఆ వకీలు చేతిమీదుగానే గదా. అడిగిన ప్రశ్నకు జవాబు వ్రాసుకుంటారు. అడగని ప్రశ్నకు జాడ ఉండదు. పైపెచ్చు, ఎదురు ప్రశ్న వేయని సాక్ష్యాన్ని ముద్దాయి కాదనలేదని భావించడం కోర్టులలో స్థిరపడిన ఆనవాయితీ. ఆ విధంగా వకీలు మౌనం ముద్దాయి అంగీకారంగా మారిపోతుంది.

కనుక నేను వృద్ధునికి చెప్పిన జవాబు ఇది: “పెద్దాయనా, వకీలు చెడ్డవాడని మాత్రమే చెపితే వినడం కష్టం. సాక్షి చూడగలిగే అవకాశం లేదని రికార్డులోనుంచే చూపిస్తే వింటారు. మీ నక్షాను అప్పీలులో ముందు పెట్టమనండి.”

హైకోర్టుకు చేసే మొదటి అప్పీలు క్రింది కోర్టు తీర్పుపై చేసే ఫిర్యాదు మాత్రమే కాదు. సాక్ష్యం మొత్తాన్ని హైకోర్టు మళ్ళీ తూచవలసి ఉంటుంది. అవసరమని తోస్తే అదనపు సాక్ష్యం తీసుకొనే అధికారం కూడా ఉన్నది. ఈ సంగతి భిలాయి ప్రజలకు ఒకరు చెప్పనక్కరలేదు. దల్లీ రాజహరా గనులనుంచి భిలాయి వరకు కార్మికులను సమీకరించిన నాయకుడు శంకర్ గుహ నియోగిని 1991 సెప్టెంబరు 28 వేకువజామున ఈ పట్టణంలోని ఇంట్లో నిద్రిస్తుండగా కాల్చి చంపారు. 1997లో దుర్గ్ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఐదుగురికి యావజ్జీవం విధించింది. 1998లో జబల్‌పూర్‌లోని హైకోర్టు అందరినీ విడుదల చేసింది. 2005లో సుప్రీంకోర్టు కాల్పులు జరిపిన వ్యక్తికి మాత్రం యావజ్జీవం విధించి, మిగతావారి విడుదలను ఖాయపరచింది. ఆ తీర్పుల మంచిచెడ్డలు ఇక్కడ చర్చించబోవడం లేదు. ఒకే సాక్ష్యాన్ని మూడు కోర్టులు మూడు విధాల చదివాయి. అప్పీలంటే మళ్ళీ చదవడమేననీ, చదవడానికి రికార్డులో ఏదో ఒకటి ఉండాలనీ దీనివల్ల గ్రహించవచ్చు.

సకాలంలో చేయవలసినవి

ఇక మన పాఠకులలో ఎవరికైనా ఇటువంటి అవస్థ పట్టే పక్షంలో తెలిసి ఉండవలసినవి కొన్ని. జైలులో ఉన్న మనిషికి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఉచిత న్యాయసహాయం పొందే హక్కును 1987నాటి చట్టం ఇచ్చింది. ఈ వృద్ధుడు ఇంటి స్థలం అమ్మి ఫీజు కట్టేముందు ఆయనకు ఆ సంగతి చెప్పినవారు లేరు. హైకోర్టుకు అప్పీలు గడువు మరణశిక్ష అయితే 30 రోజులు, ఇతర శిక్షలకు 60 రోజులు. ఆలస్యమైతే కారణం చూపి మన్నింపు కోరవచ్చు. అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటున్నది. వకీలు పనిచేయడం లేదని తోచినప్పుడు తీర్పు వచ్చేదాకా ఓపికపట్టరాదు. సాక్షి వాంగ్మూలం ప్రతి తీసుకొని చదివించుకోవాలి. లోపం కనిపించిన వెంటనే, విచారణ సాగుతుండగానే, ఏ సాక్షిని ఏ ప్రశ్న వేయడానికి మళ్ళీ పిలవాలో పేర్కొంటూ జడ్జిగారికి వ్రాతమూలకంగా మనవి చేసుకోవాలి. ఆ కాగితం ఆనాడు ఫలించకపోయినా రికార్డులో చేరుతుంది. పై కోర్టులో అది మాట్లాడుతుంది.

అయితే భారమంతా నిరక్షర కుటుంబాల నెత్తిన వేసి ఊరుకోవడం భావ్యం కాదు. సాక్షిని తానే ప్రశ్నించే అధికారం జడ్జికి 1872నాటి సాక్ష్య చట్టం ఇచ్చింది. 2023లో దాని స్థానే వచ్చిన చట్టం కూడా దానిని నిలిపింది. కంటితో చూశానన్న సాక్షిని వకీలు వదిలివేసినప్పుడు, “అక్కడ దీపం ఉన్నదా?” అని న్యాయపీఠంనుంచి ఒక్క ప్రశ్న వచ్చి ఉంటే సరిపోయేది. ఉన్నదని సాక్షి చెపితే శిక్షకు బలం చేకూరేది. లేదని చెపితే ఒక సందేహం బయటపడేది. ఏ విధంగా చూచినా న్యాయానికి నష్టం లేదు. 2022లో జీతంపై పూర్తికాలం పనిచేసే న్యాయసహాయ న్యాయవాదుల పథకం మొదలయింది. అది మంచిదే. కాని వారి పని కేసుల సంఖ్యతో కాక, వారు వేసిన ప్రశ్నలతో కొలిచే పద్ధతి ఏర్పడనంతవరకు కుర్చీ నిండుతుందేగాని కొరత తీరదు.

నేను బయలుదేరేవేళకు చీకటిపడింది. కర్మాగారంవైపు ఆకాశం ఎర్రగా ఉన్నది. వృద్ధుడు రేకుపెట్టెలోనుంచి నక్షా తీసి, మడత నలగకుండా మనుమరాలి నోటుపుస్తకంలో పెట్టుకున్నాడు. బిలాస్‌పూర్ ఇక్కడికి రైలులో సుమారు 150 కిలోమీటర్లు. మర్నాడు ఉదయం బండికి వెళ్ళి, కొత్త వకీలుగారికి తానే స్వయంగా చూపిస్తానన్నాడు.

“సదవడం రాకపోతే ఏటి బాబూ, దీపం ఎక్కడ లేదో యేలెట్టి సూపిస్తాను” అన్నాడు.